కొత్త ఇంటి నవ్వు, గృహస్థధర్మం

కొత్త ఇంట్లో చేరిన దంపతులు, ఆ తరువాత వచ్చిన తొలి పండుగనాడు తమ కష్టాలను బంధువులకు నవ్వుతూ వర్ణించి చెప్పడం తెలుగు కుటుంబాల్లో తరచుగా కనిపించే విషయం. కార్తికంలో గృహప్రవేశం చేసినవారికి రెండు నెలలు గడిచేసరికి సంక్రాంతి వస్తుంది. అప్పటికి గోడల రంగు వాసనైనా పూర్తిగా పోయి ఉండదు. పాత మంచం కొత్త గుమ్మంలో పట్టకపోవడం, పొంగించిన పాలు పొయ్యిని ఆర్పేయడం, చుట్టాలు దిగిన రోజునే నీళ్ల మోటారు మొరాయించడం, ఏ పెట్టెలో ఏది సర్దారో ఇద్దరికీ గుర్తులేక పూజగంట కోసం ఇల్లంతా వెదకడం ఆ వర్ణనలో చోటుచేసుకుంటాయి. ముహూర్తం చూసుకుని, మంత్రపూర్వకంగా ప్రవేశించిన గృహాన్ని గురించి ఇలా పరిహాసంగా మాట్లాడటం ఆ కర్మ గౌరవాన్ని తగ్గిస్తుందా, లేక ఆ కర్మ ఉద్దేశించిన ఫలంలో అదీ ఒక భాగమేనా అన్నది గృహస్థధర్మానికి సంబంధించిన ప్రశ్న. నవ్వు చుట్టూ తిరుగుతున్నదన్న కారణంగా దీన్ని చిన్న ప్రశ్నగా భావించకూడదు.

గృహప్రవేశ కర్మలో భయం ఉన్నదన్న మాట నిజం. వాస్తుశాంతిలో పూజలందుకునే వాస్తుపురుషుడు, మత్స్యపురాణం ప్రకారం, అంధకాసురునితో యుద్ధం చేస్తున్న శివుని నుదుటి నుంచి రాలిన చెమటబొట్టులో పుట్టిన భూతం. ఎంత తిన్నా ఆకలి తీరని ఆ భూతాన్ని దేవతలందరూ నేలకు అదిమి, దాని దేహంపైనే నిలిచిపోయారు. వాస్తుమండలంలోని 81 పదాలలో, అంటే గడులలో, 45 మంది దేవతలను ఆవాహన చేయడానికి ఆధారం ఈ కథే. ప్రతి ఇల్లూ అణగివున్న ఒక ఆకలి మీద నిలబడిందని చెప్పే ఈ ఊహ చాలా లోతైనది. గృహస్థు ఆ ఆకలికి ముందుగా బలి, అంటే అన్నభాగం, సమర్పించిన తరువాతనే అక్కడ తన పొయ్యి వెలిగించాలి.

అయితే ఆ భయాన్ని శాంతింపజేసిన తరువాత ఆ ఇంట్లో ఏమి నిండాలన్న ప్రశ్నకు అథర్వవేదం ఇచ్చే సమాధానం మరింత విలువైనది. మూడవ కాండలోని 12వ సూక్తం కొత్తగా కట్టిన శాలను, అంటే ఇంటిని, ఉద్దేశించి చెప్పినది; గుర్రాలు, ఆవులు, ప్రియమైన మాటలు ఈ మూడింటితో స్థిరంగా నిలువుమని అది ఇంటినే ప్రార్థిస్తుంది, నిండు కుంభాన్ని తెమ్మని ఇల్లాలిని పిలుస్తుంది. ఈనాటికీ తెలుగు ఇళ్లలో ఇల్లాలు కలశంతో గడప దాటుతుంది. ఏడవ కాండలోని 60వ సూక్తం ప్రయాణం ముగించి ఇంటికి వస్తున్న గృహస్థుడి ప్రార్థన; తనను చూసి భయపడవద్దని ఇళ్లకు అభయమిచ్చి, అవి ఆకలిదప్పులు లేనివిగా, నవ్వుతోనూ సంతోషంతోనూ కూడినవిగా ఉండాలని అతడు కోరుకుంటాడు. ఇంటి సంపదలను లెక్కించే చోట నవ్వును అన్నపానాల సరసన కూర్చోబెట్టిన ఆ ఋషి దృష్టి ఎంతో గొప్పది.

నవ్వు గృహస్థుకు ఎందుకంత అవసరమో తెలియాలంటే మమకారమనే మాట దగ్గర ఆగాలి. మమకారమంటే ఒక వస్తువును నాది అనుకోవడం. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న సామెత చెప్పినట్టు, మనిషి శక్తినంతటినీ పిండుకునే ఈ రెండు పనులలోనే ఆ భావం గట్టిగా వేళ్లూనుకుంటుంది. భగవద్గీత పదమూడవ అధ్యాయం జ్ఞానలక్షణాలను చెబుతూ పుత్రులు, భార్య, గృహం మొదలైనవాటిపై అనభిష్వంగాన్ని పేర్కొన్నది. అభిష్వంగమంటే ఎదుటివారి సుఖదుఃఖాలను పూర్తిగా తనవిగా భావించుకునేంత గాఢమైన అతుకు అని శంకరాచార్యులు వివరించారు. గోడ బీటువారితే తానే బీటువారినట్టు విలవిల్లాడే యజమాని స్థితి అదే. సన్యాసి ఇల్లు విడిచి ఆ అతుకు నుంచి బయటపడతాడు. ఇంట్లోనే ఉండవలసిన గృహస్థుకు ఆ దారి లేదు. మోటారు మొరాయించిన సంగతిని భార్యాభర్తలు నలుగురిలో నవ్వుతూ చెప్పుకోగలిగినప్పుడు, ఇంటికీ తమకూ మధ్య ఒక బెత్తెడు దూరం ఏర్పడుతుంది. ఇంటిపై ప్రేమ తగ్గదు, దాని బాధ మాత్రం మనసును కోయడం మానుతుంది. గృహస్థుకు నిత్యజీవితంలో అందుబాటులో ఉన్న వైరాగ్యం ఇదేనని చెప్పడం సాహసం కాదు.

కొత్త ఇంటి నవ్వంతా మంచిదేనా అన్న అభ్యంతరానికి మహాభారతమే తావిస్తుంది. మయుడు నిర్మించిన సభ పాండవుల వైభవానికి కొత్త నిలయం. అక్కడికి అతిథిగా వచ్చిన దుర్యోధనుడు నీటిని నేలగా భ్రమించి మడుగులో పడినప్పుడు భీముడూ పరిచారకులూ నవ్వారని సభాపర్వం చెబుతుంది. ద్రౌపది కూడా స్త్రీలతో కలిసి నవ్విందన్న మాట, దుర్యోధనుడు తండ్రి ముందు తన అవమానాన్ని వెళ్లబోసుకున్నప్పుడు వస్తుంది. లోకం ఆ నవ్వునంతటినీ ద్రౌపది ఒక్కదాని మీద మోపడం అన్యాయం. ఎవరు నవ్వినా, ఆ నవ్వుకు గురైనవాడు అతిథి. ఆ ఇంటి నిర్మాణంలోని మాయకు ఇంటివారు తమను చూసి తాము నవ్వుకోలేదు, తెలియక వచ్చినవాణ్ణి చూసి నవ్వారు. ఇల్లు వారి అహంకారానికి అలంకారమైంది గనుక ఆ నవ్వు జూదానికి, అడవికి, యుద్ధానికి దారితీసిన కారణాలలో ఒకటైంది. ఇదే హెచ్చరిక దంపతులిద్దరి మధ్యకూ వర్తిస్తుంది: పొరపాట్లన్నీ భార్యవేనని భర్త నలుగురినీ నవ్విస్తే, ఆమె పెదవులపై నవ్వు ఉన్నా మనసులో అది ఉండదు.

భరతుని నాట్యశాస్త్రం హాస్యరసం శృంగారం నుంచి పుడుతుందని చెప్పింది. నవ్వును ఆరు విధాలుగా విభజించి, పెదవి దాటని స్మితాన్ని, కొద్దిగా పళ్లు కనబడే హసితాన్ని ఉత్తములకు కేటాయించింది. అనురాగం నుంచి పుట్టిన హాస్యానికి తెలుగులో మునిమాణిక్యం నరసింహారావు (1898–1973) కాంతం కథలను మించిన ఉదాహరణ వెదకనక్కరలేదు. అక్కడ భర్త తన ఓటమిని తానే చెప్పుకుంటాడు, భార్య కాంతం మాట పైచేయి కావడం అతనికి ఆనందం. కొత్త ఇంటి కబురు చెప్పే దంపతులకు ఆ మర్యాదే ప్రమాణం కావాలి.

వినేవారికీ ఇక్కడ ఒక బాధ్యత ఉన్నది. తొలి పండుగకు కొత్త ఇంటికి వెళ్లే బంధువులు, గడపలో అడుగుపెడుతూనే ఈశాన్యం సరిగా లేదనీ, మెట్లు అటు తిరిగి ఉండవలసిందనీ దోషాలు ఎంచడం మానుకోవాలి. వాస్తుశాంతి ముగిసిన ఇంటికి మళ్లీ భయాన్ని మోసుకెళ్లకుండా, ఆ ఇంటివారు నవ్వుతూ చెప్పే కష్టాలను వారితో కలిసి నవ్వుతూ వినాలి.