ఉంగరంలో రాయి కదిలితే...

కిందటి నెలలో ఓ ఆదివారం మా మేనకోడలు వచ్చింది. కాఫీ అయినా తాగకుండా నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, "అత్తా, నీ చెవి ఇలా ఇవ్వు" అంది. ఏదో రహస్యం కాబోలనుకున్నాను. తన ఉంగరం నా చెవి దగ్గర పెట్టి గోటితో తట్టింది. లోపల సన్నగా కిటకిటమన్న చప్పుడు!

మూడు వారాల కిందట నిశ్చితార్థంలో పెళ్ళికొడుకు తొడిగిన వజ్రపుటుంగరం అది. మధ్యరాయి కదులుతోంది. రాయిని పట్టి ఉంచే సన్నటి బంగారు కొక్కేల్లో ఒకటి పైకి లేచింది. పట్టుచీర కడితే చాలు, జరీపోగు పట్టుకుని లాగుతోందట.

వాళ్ళింట్లో అప్పటికే పంచాయితీ అయిపోయింది. "శుభమా అని తొడిగిన ఉంగరం, రాయి కదలడమేమిటే!" అంటూ మా అమ్మ దేవుడికి ముడుపు కట్టేసింది. "గుట్టుచప్పుడు కాకుండా మన కంసాలి చేత నొక్కించేద్దాం. వియ్యాలవారికి తెలిస్తే, పెట్టినదానికి వంకలు పెడుతున్నామనుకోరూ?" అంది మా వదిన.

"చెబితే అమర్యాద, చెప్పకపోతే దొంగతనం చేసినట్టుంది. ఏం చెయ్యను అత్తా?" అంటుంది ఈ పిల్ల.

చూడబోతే గోరంత రాయి. కాని అత్తవారింటితో నిజంగా ఉండాలా, మర్యాదగా ఉండాలా అని ఓ ఆడపిల్ల మొట్టమొదటిసారి తేల్చుకోవలసి వస్తే అది చిన్న విషయమెలా అవుతుంది, చెప్పండి?

ముందు మా అమ్మ భయం సంగతి. మేలిమి బంగారం మెత్తన. అందుకే వజ్రాల ఉంగరాలు చాలావరకు 18 క్యారెట్లలో చేస్తారు. వాటిమీద 750 అని ఉంటుంది. అంటే వెయ్యి పాళ్ళలో 750 పాళ్ళు బంగారం. మిగతాది గట్టిదనం కోసం కలిపిన లోహం. అయినా కొక్కేలు మరీ సన్నగా తీసినా, తొందరలో సరిగా నొక్కకపోయినా రాయి వదులవుతుంది. ఇందులో గ్రహాల ప్రమేయం ఏమీ లేదు. పనివాడి తొందర ఉంది. పెళ్ళిళ్ళ రోజుల్లో అతని నెత్తిన కూర్చునే యజమాని తొందర ఉంది.

"హాల్‌మార్కు ఉంది కదత్తా!" అంది. ఉంది. 2021 జూన్ నుంచి దశలవారీగా ఆ ముద్ర తప్పనిసరి చేశారు. కాని అది బంగారం ఎంత స్వచ్ఛమో చెబుతుంది గాని, రాయి ఎంత గట్టిగా కూర్చుందో చెప్పదు. పసిడికి ముద్ర ఉంది, పనితనానికి లేదు. దాన్ని తొడుక్కున్న వేలే కనిపెట్టాలి. ఆ వేలు గల మనిషే నోరు విప్పాలి.

నోరు విప్పకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళ కిందట నాకూ ఓ ఉంగరం పెట్టారు. నాలుగు నెలలకే రాయి కదిలింది. కొత్తకోడల్ని, ఏమనుకుంటారోనని ఊరుకున్నాను. ఓ రోజు బట్టలు ఉతుకుతుంటే రాయి కాస్తా పోయింది. పుట్టింటికి వెళ్ళినప్పుడు, బందరు గిల్టు నగల్లో పెట్టే రకం గాజురాయి ఒకటి పెట్టించుకున్నాను. ఎవరూ పోల్చుకోలేదు. కాని మా అత్తగారు నలుగురిలో "ఉంగరం చూపించమ్మా" అన్నప్పుడల్లా నా పిడికిలి దానంతటదే ముడుచుకుపోయేది. నాకు పొగరనుకున్నారావిడ. పోయేదాకా అలాగే అనుకున్నారు. మర్యాద కోసం దాచాననుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆవిణ్ణి నమ్మలేదంతే.

వస్తువులో లోపం ఇచ్చినవారి లోపం కాదు. మజూరీ, తరుగు అంటూ వాళ్ళూ డబ్బు పోసే కొన్నారు. దాచిపెడితే మనం వాళ్ళ పరువు కాపాడినట్టు కాదు, మోసపోయినవాళ్ళని మోసపోయినట్టే ఉంచినట్టు. అయితే వంక వేరు, సంగతి వేరు. నలుగురిలో "మీరు పెట్టిన ఉంగరం ఇలా ఏడ్చింది" అంటే వంక. "రాయి కదులుతోంది, పడిపోకముందే బాగు చేయిద్దాం" అంటే సంగతి.

అదే చెప్పాను. ఉంగరం తీసి దూదిలో చుట్టి డబ్బాలో పెట్టమన్నాను. జిగురు పెట్టొద్దన్నాను, వేరే కంసాలికి ఇవ్వొద్దన్నాను. పరాయి చెయ్యి పడితే 'ఇది మా పని కాదు' అనడానికి కొట్టువాడికి వీలు చిక్కుతుంది. పైగా బిల్లు పెళ్ళివారి దగ్గరే ఉంది కదా!

మా వరండాలోంచే అబ్బాయికి ఫోను చేసింది. అతను కాసేపు మాట్లాడలేదట. ఆ తర్వాత, "అయ్యో! మా అమ్మకి ఎలా చెప్పను?" అన్నాడట. చూశారా, భయం అటూ ఉంది!

ఇద్దరూ కలిసే కొట్టుకి వెళ్ళారు. "వాడకంలో వదులవుతుందండీ" అన్నాడు కొట్టువాడు. మూడు వారాల వాడకంలోనా? బిల్లు ముందు పెట్టేసరికి దారికొచ్చాడు. ఎనిమిది రోజుల్లో కొక్కేలన్నీ కొత్తవి వేసి, పైసా తీసుకోకుండా ఇచ్చాడు. ఇక కాబోయే అత్తగారంటారా? కోపం మాట దేవుడెరుగు, తన ఉంగరం కూడా తీసి చెవి దగ్గర తట్టి చూసుకున్నారట!

ఆ రాత్రి మావారికి గాజురాయి కథ చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "అప్పుడే నాతో అనలేకపోయావా?" అన్నారు, అంతే. ఆ మాటకి జవాబు దొరకలేదు నాకు.

రేపు ఇద్దరం వెళ్ళి అసలు రాయి పెట్టించుకొస్తాం. మా దగ్గర బిల్లు లేదు, ఆ కొట్టూ ఇప్పుడు లేదు. ఇన్నేళ్ళ ఆలస్యానికి మజూరీ మేమే ఇచ్చుకోవాలి.