నముచి ఇంద్రుడికి ఏమవుతాడు?

మంగళగిరి కొండమీద పానకాల స్వామి నోట్లో శంఖంతో పానకం పోస్తుంటే గుటకల చప్పుడు వినిపిస్తుంది. సగం తాను తాగి, మిగతాది భక్తుడికి వదిలేస్తాడని నమ్మకం. పానకమే ఎందుకంటే స్థలపురాణం నముచి కథ చెబుతుంది. దేవతలను హింసించిన నముచి సూక్ష్మరూపంతో గుహలో దాక్కుంటే, ఇంద్రుడు సుదర్శనాన్ని నురగలో ముంచి లోపలికి పంపాడట. చక్రం మధ్య నిలిచిన నరసింహుడు నిప్పులాంటి ఊపిరితో అతని ప్రాణం తీశాడట. ఆ ఉగ్రం చల్లారడానికి కృతయుగంలో అమృతం, త్రేతలో నెయ్యి, ద్వాపరంలో పాలు, కలియుగంలో పానకం.

ఇందులో మనం చెప్పుకోని చుట్టరికం ఒకటుంది. ఇంద్రుడు కశ్యపుడికి అదితి కన్న కొడుకు. నముచి అదే కశ్యపుడికి దనువు కన్న కొడుకు. తల్లులిద్దరూ దక్షుడి కూతుళ్లు. దేవతలు, రాక్షసులు అని పేర్లు పెట్టేసరికి ఇదంతా ఒకే ఇంటి పంపకాల తగువన్న సంగతి మరుగున పడిపోయింది.

మహాభారతం శల్యపర్వంలో ఈ కథ ఇంకో తీరుగా ఉంది. నన్ను నిద్రపోనివ్వనిది అదే. ఇంద్రుడు నముచితో స్నేహం కలిపి, తడిదానితో గాని పొడిదానితో గాని, రాత్రి గాని పగలు గాని నిన్ను చంపనని మాటిచ్చాడు. ఒకనాడు మంచు కమ్మిన వేళ చూసి, నీటి నురగతో తల నరికాడు. ఇచ్చిన మాటలో ఒక్క అక్షరం తప్పలేదు. అయినా తెగిన తల, మిత్రద్రోహివని నిందిస్తూ అతని వెంటపడింది. బ్రహ్మ చెప్పిన మీదట ఇంద్రుడు అరుణా నదీ సంగమంలో మునిగితేగాని ఆ పాపం వదల్లేదు. ఆ తలా అవే నీళ్లలో పడింది, నముచికీ పుణ్యలోకాలు దక్కాయి. చంపినవాడికీ చచ్చినవాడికీ ఒకటే రేవు!

పల్నాడులో 12వ శతాబ్దంలో కొట్టుకున్న నలగామరాజు, మలిదేవరాజు కూడా సవతి తల్లుల బిడ్డలే. ఆ యుద్ధానికి నలగాముడి మంత్రి నాగమ్మనో కోడిపందేన్నో నిందించి ఊరుకుంటాం. ఆ ఇంట్లో అంతకుముందే వచ్చిన చీలిక గురించి ఎవరూ అడగరు. కారంపూడి వీరుల గుడిలో మొక్కులు మాత్రం నేటికీ సాగుతున్నాయి.

అమరావతి రాజధాని మాట వచ్చాక మా వైపు ఎకరం విలువ పెరిగింది. ఒకే గట్టు మీద నడిచి పెరిగిన అన్నదమ్ములు వాయిదాలకు విడివిడిగా వెళుతున్నారు. కాగితం ప్రకారం ఒకరిది న్యాయమే కావచ్చు. నురగ తడీ కాదు, పొడీ కాదు అన్నదీ అలాంటి న్యాయమే. అలాంటి తగువులో ఉన్నవాళ్లను నేను కోరేది ఒక్కటే: వచ్చే వాయిదాలోపు శల్యపర్వంలోని ఈ ఘట్టం చదవండి, వీలైతే ఇద్దరూ ఒకచోట కూర్చుని చదవండి.