నిచ్చెనగా మారిన చదువు



ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే రోజుల్లో మన విచారణలలో సంభాషణలన్నీ ఒకే మాట చుట్టూ తిరుగుతుంటాయి. ఆ మాట 'సీటు'. ఆదివారం దివ్యబలిపూజ ముగిసి గుడి వాకిట నిలబడినప్పుడు తల్లిదండ్రులు ఒకరినొకరు అడిగేది పిల్లవాడు ఏమి నేర్చుకోవాలనుకుంటున్నాడని కాదు, ఎక్కడ సీటు వచ్చిందని. దీన్ని నేను ఎగతాళి చేయను. రెండెకరాల చెలక మీద, లేదా సిమెంటు కర్మాగారంలో కాంట్రాక్టు కూలి మీద బ్రతికే కుటుంబానికి ఒక సీటు అంటే ఏమిటో మేళ్లచెరువులో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఈ మధ్య మన పిల్లల మధ్య ఒక ప్రత్యేకమైన చదువు పేరు వినబడుతున్నది. విజ్ఞానశాస్త్రంలో ఒక పట్టా, ఇంజనీరింగులో ఒక పట్టా, రెండూ కలిపి ఒకే విశ్వవిద్యాలయంలో చదవడం. పిలానీలోని బిర్లా సంస్థను బిట్స్ అంటారు. 1964లో విశ్వవిద్యాలయ హోదా పొందిన ఆ సంస్థ 2008లో హైదరాబాదు శివారున జవహర్ నగర్‌లో ఒక ప్రాంగణం తెరిచింది. అక్కడ ప్రవేశపరీక్ష రాసి భౌతిక, రసాయన, గణిత, జీవ, ఆర్థిక శాస్త్రాలలో ఏదో ఒకదాని ఎమ్మెస్సీలో చేరిన విద్యార్థికి, మొదటి సంవత్సరం గడిచిన తర్వాత, తెచ్చుకున్న మార్కులను బట్టి ఇంజనీరింగులో ఒక శాఖను రెండవ పట్టాగా కేటాయిస్తారు. మొత్తం చదువు అయిదు సంవత్సరాలు. ఇంజనీరింగులో నేరుగా కోరుకున్న శాఖ దొరకడానికి చాలినన్ని మార్కులు రానివారు చాలామంది ఈ దారిన వెళ్తారు. ఎమ్మెస్సీలో చేరేది ఎమ్మెస్సీ కోసం కాదు, దాని వెనుక ఉన్న ఇంజనీరింగు కోసం.

ఒక తండ్రి నాతో అన్న మాట ఇది: "ఫాదర్, ఆ కెమిస్ట్రీ ఎట్లనన్న గట్టెక్కుతది. మనకు కావల్సింది ఆ రెండోదే గద. మొదటిది నిచ్చెన అనుకుంటే సరిపాయె."

ఆయన మంచి మనిషి, కష్టజీవి. ఆ మాట అన్నందుకు నేనాయనను మందలించలేదు. కానీ ఇక్కడ ఒక నైతిక ప్రశ్న ఉన్నదని నాకు అనిపించింది. ఒక శాస్త్రాన్ని కేవలం నిచ్చెనగా వాడుకోవడం సబబేనా?

ముందుగా ఒక అనుమానం తీర్చుకుందాం. ఇది మోసమా? మోసం కాదు. మనస్సులో ఒకటి పెట్టుకుని పైకి మరొకటి చెప్పి ఎదుటివాడిని తప్పుదోవ పట్టించడం పాపమని మన నీతిశాస్త్రం ఎప్పటినుంచో చెబుతున్నది. ఇక్కడ మాత్రం ఎవరూ ఎవరినీ తప్పుదోవ పట్టించడం లేదు. రెండవ పట్టా దారిని నియమాలే బాహాటంగా తెరిచి పెట్టాయి. ఏ ఆశతో పిల్లలు చేరుతున్నారో విశ్వవిద్యాలయానికీ తెలుసు. కనుక పాపసంకీర్తనానికి వచ్చి ఈ సంగతి చెప్పుకోవలసిన పని లేదు. ఇబ్బంది మరొక చోట ఉన్నది.

పునీత అగుస్టీను వారు వస్తువులను రెండు రకాలుగా విభజించారు. కొన్నింటిని మనం వాడుకుంటాము, మరొక దానిని చేరడానికి. కొన్నింటిని వాటి కోసమే ప్రేమించి, వాటిలో ఆనందిస్తాము. ఆయన లెక్క ప్రకారం నిండు అర్థంలో ఆనందించదగినవాడు సర్వేశ్వరుడొక్కడే, తక్కినవన్నీ ఆయనను చేరే ప్రయాణంలో వాడుకోదగినవి. ఇది విని ఆ తండ్రి, "చూశారా, అగుస్టీను గారు కూడా నిచ్చెనే అంటున్నారు" అనవచ్చు. అయితే అగుస్టీను వారు అక్కడితో ఆగలేదు. వాడుకోవలసిన దానికి కూడా దాని తాహతును బట్టి ప్రేమ చూపాలన్నారు. బండికి కట్టే ఎద్దును మనం వాడుకుంటాము. అంతమాత్రాన దానికి మేత వేయకుండా, నీళ్లు చూపకుండా వాడుకునేవాణ్ణి ఊళ్లో ఎవరూ రైతు అనరు. సత్యం ఎద్దు కంటే తక్కువది కాదు. ఒక పిల్లవాడు పరమాణువుల గురించి అయిదేళ్లు చదివి, ఒక్కరోజైనా వాటిని చూసి ఆశ్చర్యపడకపోతే, అతడు సృష్టిలోని ఒక గదికి తాళంచెవి పుచ్చుకుని తలుపు తెరవకుండానే ముందునుంచి నడిచిపోయినట్లు.

ఇది పుస్తకాల్లో మాట్లాడుకునే మాట అనిపిస్తే, మన ఊరి రాయినే తీసుకోండి.

మేళ్లచెరువు ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోది, 2016 నుంచి సూర్యాపేట జిల్లాలోది. జిల్లా మారినా రాయి మారలేదు. మన చుట్టూ నేలలో ఉన్నది సున్నపురాయి. ఆ రాయి కోసమే ఇక్కడికి సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. మన విచారణలో ఆ దుమ్ము తుడుచుకోని ఇల్లు అరుదు. ఆ సిమెంటు చరిత్రలో ఒక ముచ్చట ఉన్నది. ఇంగ్లండు దక్షిణ తీరాన ఎడ్డీస్టోన్ అనే బండ మీద దీపస్తంభం కట్టే పని జాన్ స్మీటన్ అనే ఇంజనీరుకు అప్పగించారు. 1759లో అది పూర్తయింది. అలలు కొడుతుండగా నీళ్లలో గట్టిపడే సున్నం ఆయనకు కావాలి. మేస్త్రీని అడిగి, ఉన్నదాంట్లో మంచిది తెప్పించుకుని ఊరుకోవచ్చు. ఆయన అట్లా చేయలేదు. రకరకాల సున్నపురాళ్లను తెప్పించి, ఆమ్లంలో కరిగించి చూశాడు. ఏ రాయిలో బంకమట్టి కలిసి ఉన్నదో ఆ రాయి సున్నమే నీళ్లలో గట్టిపడుతుందని కనుగొన్నాడు. అంతకు ముందు తెల్లని, శుద్ధమైన రాయే మేలని అనుకునేవారు. మలినమనుకున్నదే బలమని తేలింది.

తర్వాత 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. జనం దానితో వంతెనలు, రేవులు కట్టుకున్నారు. కాని అది ఎందుకు గట్టిపడుతున్నదో సరిగా ఎవరికీ తెలియదు. ఆ లోపలి సంగతిని 1887లో ఫ్రాన్సు దేశస్థుడు హెన్రీ లె షాటెలియే తన పరిశోధనాగ్రంథంలో వివరించాడు. ఆయన చదివింది గని ఇంజనీరింగు, బోధించింది రసాయనశాస్త్రం. రెండు చదువులు ఒకే తలలో నివాసముంటే ఏమి జరుగుతుందో చూడండి. ఇంటర్ పిల్లలు బట్టీపట్టే లె షాటెలియే నియమం ఈయనదే. ఈయన సిమెంటు మనిషి అని మాత్రం వారికి ఎవరూ చెప్పరు!

ఇదే రాయి మరొక పాఠం కూడా చెబుతుంది. నూరు కిలోల శుద్ధమైన సున్నపురాయిని కాలిస్తే మిగిలేది 56 కిలోల సున్నం. తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఆకాశంలో కలుస్తుంది. ఇది బొగ్గు మండించినందుకు వచ్చే పొగ కాదు, రాయిలో దాగి ఉన్నదే. ఎంత మంచి బట్టీ కట్టినా రాయి తన స్వభావాన్ని మార్చుకోదు. రసాయనశాస్త్రాన్ని ఎట్లాగో గట్టెక్కించిన ఇంజనీరుకు ఈ 44 అనే అంకె పరీక్ష మరునాడే మరుపున పడుతుంది. దానిని ప్రేమతో నేర్చుకున్నవాడికి అది నిద్రపట్టనివ్వదు. భూమి వేడెక్కుతున్నదని ఫ్రాన్సిస్ జగద్గురువులు 2015లో తమ విశ్వలేఖ ద్వారా ప్రపంచాన్ని హెచ్చరించిన తర్వాత, అట్లా నిద్రపట్టనివారు ఇద్దరు ముగ్గురైనా మన విచారణలనుంచి రావాలని కోరుకోవడం అత్యాశ కాదనుకుంటాను.

"అయితే ఇంజనీరింగు తక్కువదా?" అని ఎవరైనా అడగవచ్చు. ఎంతమాత్రం కాదు. నిర్గమకాండంలో సర్వేశ్వరుడు తన ఆత్మతో నింపినట్లు చెప్పబడిన బెసలేలు ప్రవక్త కాడు, యాజకుడు కాడు. బంగారం, వెండి, కంచు, కొయ్య, రాయి పనులు తెలిసిన పనివాడు. సీరా జ్ఞానగ్రంథంలో కుమ్మరిని, కమ్మరిని వర్ణించిన భాగం చదవండి. వారు లేకుండా ఏ నగరమూ నిలవదని ఆ జ్ఞాని ఒప్పుకున్నాడు. చేతిపనిని చిన్నచూపు చూసే అలవాటు మన సమాజంలో ఎక్కడనుంచి వచ్చిందో మీకు తెలుసు. పవిత్రగ్రంథంలోనుంచి మాత్రం రాలేదు.

నిచ్చెన పైకి మాత్రమే వెళ్తుందనుకోవడం కూడా పొరపాటే. బెల్జియం దేశంలో జార్జ్ లెమైత్ర్ అనే యువకుడు 1911లో లూవెన్ కతోలిక విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగులో చేరాడు. 1914లో యుద్ధం వచ్చింది. సైన్యంలో చేరి నాలుగేళ్లు ఫిరంగుల మధ్య గడిపాడు. తిరిగి వచ్చాక ఇంజనీరింగు వదిలి గణితం, భౌతికశాస్త్రం పట్టుకున్నాడు. 1920లో డాక్టరేటు పొంది, ఆ తర్వాత గురువిద్యాలయంలో ప్రవేశించి, 1923లో గురుపట్టాభిషేకం పొందాడు. విశ్వం విస్తరిస్తున్నదని 1927లో లెక్కగట్టి చూపినది ఈ గురువే. మన పిల్లల్లో ఒకరు రెండవ సంవత్సరంలో ఇంటికి ఫోను చేసి, "నాయినా, నాకు ఇంజనీరింగు కన్నా ఈ ఫిజిక్సే మంచిగనిపిస్తున్నది" అంటే, ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరైనా అన్నం తింటారా? ఆలోచించండి.

ఇంకా ఒక మాట మిగిలి ఉన్నది. పునీత తోమాసు అక్వినాసు వారు, అరిస్టాటిల్ బాటలో, బుద్ధికి సంబంధించిన సుగుణాలను వివరిస్తూ శాస్త్రాన్ని, నేర్పును, వివేకాన్ని వేరువేరుగా నిలిపారు. శాస్త్రం ఉన్నదానిని ఎరుగుతుంది. నేర్పు ఒక వస్తువును చక్కగా తయారుచేస్తుంది. వివేకం మనిషిగా ఏమి చేయాలో నిర్ణయిస్తుంది. నేర్పుకు మనస్సు మంచిదై ఉండనక్కరలేదు, దుర్మార్గుడు కూడా గట్టి గోడ కట్టగలడు. వివేకానికి మాత్రం మంచి మనస్సు తప్పనిసరి. జంట పట్టాల చదువు మొదటి రెండింటినీ ఇస్తుంది. మూడవదానికి పట్టా లేదు.

దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. నల్లగొండ పేరు ప్రపంచ విజ్ఞాన గ్రంథాల్లోకి ఎక్కింది దేనివల్ల? ఫ్లోరైడు నీళ్లవల్ల. మన దేశంలో ఆ జబ్బును మొదట 1937లో నెల్లూరు ప్రాంతంలో గుర్తించారు. మన నల్లగొండ పల్లెల్లో వంగిపోయిన నడుములను, గారపట్టిన పళ్లను చూడని గురువు లేడు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ముప్పు. నాగపూరులోని నీరీ సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో దీనికి ఒక ఉపాయం కనిపెట్టి దానికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు పెట్టారు. నీళ్లలో పటిక, సున్నం, కొంచెం బ్లీచింగ్ పొడి వేసి బాగా కలియబెట్టాలి. మడ్డి అడుక్కు దిగాక పైనీళ్లు తీసుకోవాలి. శాస్త్రం సరిగానే ఉన్నది, నేర్పూ ఉన్నది, ఖర్చు తక్కువ. అయినా చాలా ఊళ్లలో అది నిలవలేదు. పొద్దున లేచి నాట్లకు పోయే తల్లి రోజూ పటిక తూచి, సున్నం తూచి కలియబెట్టి గంటసేపు కాచుకుని కూర్చోగలదా? ఆ మడ్డి ఎక్కడ పారబోయాలి? ఈ ప్రశ్నలు రసాయనశాస్త్రానివి కావు, ఇంజనీరింగువి కావు. ఆ తల్లి ఇంటి గడపలో కూర్చుని ఆమె మాట విన్నవాడికి మాత్రమే తట్టే ప్రశ్నలు. 2016 నుంచి మిషన్ భగీరథ గొట్టాల ద్వారా శుద్ధిచేసిన నదినీరు ఇళ్లకు రావడం మొదలయ్యాక ఆ తల్లుల భారం ఎంతగానో తగ్గింది.

తల్లిదండ్రులతో ఒక మాట చెప్పాలి. జంట పట్టాల చదువుకు నాలుగేళ్ల బదులు అయిదేళ్లు. ప్రైవేటు విశ్వవిద్యాలయమైతే ఫీజు లక్షల్లో. అప్పు చేసేటప్పుడు ఆ అయిదవ సంవత్సరాన్ని కూడా లెక్కలో వేసుకోండి. మొదటి సంవత్సరం మార్కులు తగ్గితే కోరుకున్న శాఖ రాకపోవచ్చునన్న సంగతి కూడా పిల్లవాడితో చేరేముందే మాట్లాడండి. ఆ భయం ఒక్కటే మోసుకుని పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లవాడు హాస్టల్లో ఒంటరిగా కూర్చుంటే ఏమవుతుందో మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాము. "రెండోది రాకపోతే ఇంటికి రాకు" అన్న మాట సరదాకైనా నోట రానీయవద్దు. వచ్చిన మొదటి పట్టా కూడా సర్వేశ్వరుని సృష్టిని గురించినదే. దానితో కూడా బడిలో చెప్పవచ్చు, ప్రయోగశాలలో పనిచేయవచ్చు, గౌరవంగా అన్నం తినవచ్చు.

ఇక పిల్లలతో: క్రిస్మసు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, ఏ శాఖ వస్తుందన్న ముచ్చట ఒక పూట పక్కన పెట్టండి. క్వారీ దారిలో ఒక సున్నపురాయి ముక్క ఏరి తెచ్చి, దాని మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండి, అది ఎందుకు నురుగు కక్కుతున్నదో మీ నాయనమ్మకు అర్థమయ్యేలా చెప్పి చూడండి. ఆమె తప్పకుండా ఎదురు ప్రశ్న వేస్తుంది. నిమ్మరసానికి రాయి కరిగితే, అంబటేళ దాకా సున్నం వేసుకుని నమిలే తన పళ్ల సంగతేమిటని! ఆ ప్రశ్నకు జవాబు మీ మొదటి సంవత్సరపు పుస్తకంలోనే ఉన్నది.