ఆ తట్టు తిరిగి చూచినవాడు

ధ్యాన భాగము: నిర్గమకాండము 3:1–6



మోషే తన మామయైన యిత్రో మందను మేపుచు హోరేబునకు వచ్చెను. అచ్చట పొద మండుచున్నది గాని కాలిపోవుట లేదు. మందను చూచుకొను పని ఉండియు అతడు, ఇదేమి వింతయో చూతమని ఆ తట్టు తిరిగెను. దేవుడు అతనిని పేరు పెట్టి పిలిచినది ఎప్పుడు? అతడు చూచుటకు తిరిగిన పిమ్మటనే. చెప్పులు విడువుమని ఆజ్ఞ వచ్చినది ఆ తరువాత. ఈ వరుసను మేము ఇన్నేండ్లుగా చదువుచునే యుంటిమి; మనసున పట్టినది మాత్రము ఈ మధ్యనే, అదియు మా తప్పిదము మూలముగా.

మన సంఘములో 8వ తరగతి చదువుచున్న బాలుడొకడు ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, తండ్రి సెల్‌ఫోనులో మాకొక వీడియో చూపెను. దాని పేరు ‘పవర్స్ ఆఫ్ టెన్’. కుర్చీల రూపకల్పనలో పేరొందిన చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అను అమెరికా దంపతులు 1977లో తీసిన చిత్రమది. నిడివి సుమారు 9 నిమిషములు. చికాగో నగరపు సరస్సు ఒడ్డున ఒక స్త్రీ, ఒక పురుషుడు దుప్పటి పరచుకొని వనభోజనము చేసిరి. పురుషుడు నిద్రపోవుచున్నాడు. మొదట ఒక మీటరు దూరము నుండి చూపుదురు. తరువాత ప్రతి 10 సెకండ్లకు ఆ దూరము 10 రెట్లు పెరుగును. ఉద్యానవనము, నగరము, సరస్సు వెనుకబడి, ఒకటిన్నర నిమిషము కాకముందే భూగోళమంతయు బంతివలె కనబడును. 4 నిమిషములగునప్పటికి మనము 10 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున నుందుము. సెకండుకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తు వెలుగుకే అది 10 కోట్ల సంవత్సరముల ప్రయాణము! మన నక్షత్రరాశి యంతయు అక్కడ ఒక నలుసు. పిమ్మట త్వరత్వరగా వెనుకకు మరలి, ఆ నిద్రించువాని చేతిమీదికి వచ్చి, చర్మము క్రిందికి, కణములోనికి, చివరకు కర్బన పరమాణువు గర్భమందలి ప్రోటాను వరకు దిగుదురు. ఆ మనుష్యుడు మాత్రము ఏమియు ఎరుగక నిద్రపోవుచునే యుండును.

బాలుడు అడిగెను: “అయ్యగారూ, అంత దూరం పోయారు గదా, పరలోకం ఎక్కడా కనబడలేదేమండీ?”

మేము ఏమంటిమో వ్రాయుటకు సిగ్గగుచున్నది. “అలాంటి ప్రశ్నలు వేయకూడదు బాబూ, ప్రార్థన చేసుకో” అంటిమి. వాడు ఫోను జేబులో పెట్టుకొని వెళ్లిపోయెను. తరువాత రెండు మాసములు ఆదివారపు బడికి వచ్చెను, పాటలు పాడెను, వాక్యములు అప్పగించెను. ప్రశ్న మాత్రము ఒక్కటియు అడుగలేదు. మంచి పిల్లవాడని పెద్దలు మెచ్చుకొనిరి. మాకు మాత్రము భయము వేసెను.

ఆ చిత్రము ఎక్కడినుండి వచ్చినదని విచారించితిమి. దానికి మూలము 1957లో వెలువడిన ‘కాస్మిక్ వ్యూ’ అను చిన్న పుస్తకము. దానిని వ్రాసిన కేస్ బూకె హాలెండు దేశస్థుడు, క్వేకరు విశ్వాసి. యౌవనమున భార్య బెట్టితో లెబనోను ప్రాంతమునకు మిషనెరీగా వెళ్లినవాడు. 1926లో బిల్తోవెన్ అను ఊర పాఠశాల స్థాపించెను. నాజీలు ఆ దేశమును ఆక్రమించినప్పుడు ఈ దంపతులు యూదుల పిల్లలను దాచి కాపాడిరి. ఆ పుస్తకము పాఠశాల పిల్లలతో కలిసి చేసిన పనినుండి పుట్టినది. దానిలో మొదటి బొమ్మ బడి ముందర పిల్లిని ఒడిలో పెట్టుకొని కూర్చున్న బాలిక. ప్రశ్నలడుగు పిల్లల మధ్య కూర్చుండిన విశ్వాసి చేతి పని అది. దానినుండి పుట్టిన ప్రశ్ననే మేము ప్రార్థన పేరు చెప్పి నోరు మూయించితిమి.

ఫోనులో వచ్చునదంతయు మేలైనదని మేము అనుట లేదు. విజ్ఞానము పేరిట అబద్ధములు చెప్పు వీడియోలు ఎన్నియో కలవు. పిల్లవాడు ఒంటరిగా ఏది నమ్మవలెనో ఎట్లు ఎరుగును? ప్రక్కన కూర్చుండు పెద్ద యొకరు ఉండవలెను.

ఆ ప్రశ్నకు జవాబు మన చేతిలోని గ్రంథములోనే యున్నది. మందిర ప్రతిష్ఠ నాడు సొలొమోను, మహాకాశములు సహితము దేవుని పట్టజాలవని ఒప్పుకొని మోకరించెను (1 రాజులు 8). మీటర్లతో కొలుచుకొనుచు పోయి చేరు స్థలముగా ఆయన పరలోకమును ఎంచలేదు. ఈ మాట ఆనాడు చెప్పియుండవచ్చును. నిజమునకు మాకప్పుడు తోచలేదు. తోచలేదని చెప్పుటకు నోరు రాలేదు.

గత వారము ఆ యింటికి వెళ్లితిమి. ఆ దినమున నిన్ను కసరితిమి, క్షమించుమంటిమి. తల్లి కంగారుపడి, “అయ్యో, చిన్నవాడితో అదేం మాటండీ అయ్యగారూ” అని కాఫీ తెచ్చెను. సొలొమోను మాట చెప్పితిమి. వాడు విని ఊరకుండెను. ఆ వీడియో మరల చూపుమనగా, కాఫీ గ్లాసుకు ఫోను ఆనించి పెట్టెను. నాయనమ్మ కూడ అద్దములు పెట్టుకొని వచ్చి చాపమీద కూర్చుండెను. చిత్రము చేతిమీదికి దిగిన చోట వాడు ఆపి అడిగెను:

“లోపలికి వెళ్లడానికి చెయ్యే ఎందుకు ఎంచుకున్నారండీ? కన్ను ఉంది గదా?”

మాకు తెలియదంటిమి. నాయనమ్మ, “మళ్లీ మొదటినుంచి వెయ్యరా” అనెను.