నోరులేని నేలకు వకాలతు



కోర్టులనుగూర్చి మన పల్లెలలో ఒక సామెత కలదు. ఓడినవాడు కోర్టులో ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చునట. గట్టు తగాదాలో ఒక ఎకరము కొరకు రెండెకరములు అమ్ముకొన్న కుటుంబములను చూచినవారికి ఈ సామెత అబద్ధమని తోచదు. అందువలన మన యువకులలో ఎవరైనను లా చదివెదనని చెప్పినప్పుడు పెద్దలు సంతోషించుటకు ముందు సందేహింతురు. "నల్లకోటు తొడిగినవాడు నిజము పలుకునా?" అని అడుగుదురు.

ఇప్పుడు ఈ వృత్తిలో మరియొక శాఖ పెరుగుచున్నది. చెరువులను, అడవులను, సముద్రతీరమును, పక్షులు గూళ్లు కట్టుకొను తావులను కాపాడుటకై చట్టమును చేతపట్టి వాదించు న్యాయవాదులు కలరు. వీరినిగూర్చి విన్నవారు రెండు విధములుగా మాటలాడుదురు. "మనుష్యులకే న్యాయము దొరకని దినములలో కొంగలకు వకీలా?" అని కొందరు నవ్వుదురు. "ఇది మంచి పని గనుక ఇందులో కొంచెము కలిపి చెప్పినను దోషము లేదు" అని మరికొందరు అందురు. మొదటి మాటకంటె రెండవ మాటయే ప్రమాదకరమని నా తలంపు. ఈ రెంటిని ఈ నెల విచారింతము.

పరిశుద్ధ గ్రంథములో ఈ వృత్తివారు లేకపోలేదు. అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయములో తెర్తుల్లు అను న్యాయవాది కనబడును. అతడు అధిపతియైన ఫేలిక్సును పొగడి, పౌలుమీద నేరములు వరుసగా మోపెను. అతడు రుసుము పుచ్చుకొనుట అతని తప్పు కాదు. తాను పలికిన నేరములకు రుజువు చూపలేకపోవుటయే అతని తప్పు. పౌలు తన జవాబులో ఆ సంగతినే ఎత్తి చూపెను. తీతుకు వ్రాసిన పత్రిక చివర ధర్మశాస్త్రము తెలిసిన జేనా అను మరియొకడు కలడు. అతని ప్రయాణమునకు ఏమియు కొరత లేకుండ చూడుమని పౌలు శ్రద్ధతో వ్రాసెను. గనుక చట్టము తెలిసియుండుట పాపము కాదు. ఆ తెలివి దేనికి కట్టుబడి యున్నది అనునదే ప్రశ్న.

ఇప్పుడు మొదటి రాజుల గ్రంథము 21వ అధ్యాయమును ఒక కోర్టు వ్యవహారముగా చదివి చూడుడి. అహాబు నాబోతు ద్రాక్షతోటను ఊరకే అడుగలేదు. అంతకంటె మంచి తోటనో, క్రయమునకు తగిన ద్రవ్యమునో ఇచ్చెదననెను. నాబోతు పితరుల స్వాస్థ్యమని ఒప్పుకొనలేదు. పిమ్మట యెజెబెలు ఏమి చేసెను? రాజు పేరట తాకీదులు వ్రాయించెను, రాజముద్ర వేయించెను, పెద్దలను కూర్పించెను, ఇద్దరు సాక్షులను నిలువబెట్టించెను. కాగితము కలదు, ముద్ర కలదు, సభ కలదు, ధర్మశాస్త్రము కోరినట్లు సాక్షులు ఇద్దరు కలరు. సత్యము మాత్రము లేదు. ఆ సభలో లేచి "ఈ సాక్ష్యము అబద్ధము" అని పలికినవాడు ఒక్కడును లేడు. ఏలీయా వచ్చెను గాని, నాబోతు చనిపోయిన తరువాత వచ్చెను. ఆ రెండు ఘడియల నడుమనున్న ఖాళీలో నిలువవలసినవాడే న్యాయవాది.

ఇది దూరదేశపు పాత కథ అనుకొనవద్దు. మన ఉద్దానములో సోంపేట, కవిటి, కంచిలి మండలముల నడుమ బీల కలదు. వానలు పడినప్పుడు అది నీటిని పట్టి నిలుపును. ఆ నీటితో వరి పండును, అందులో చేపలు పట్టుకొని జీవించు కుటుంబములున్నవి, పశువులకు అక్కడ మేత దొరకును, పక్షులు వచ్చి చేరును. 2008 సెప్టెంబరులో ప్రభుత్వము అందులో సుమారు 970 ఎకరములను బొగ్గుతో నడచు విద్యుత్ కర్మాగారము కొరకు ఒక కంపెనీకి కేటాయించెను. 2009 డిసెంబరులో కేంద్రము పర్యావరణ అనుమతి ఇచ్చెను. కాగితములమీద ఆ నేల సాగుకు పనికిరాని నేలగా నిలిచెను. ఆ ప్రాంతపు రైతులును మత్స్యకారులును దానిని కన్నులార నీటితో చూచినవారే.

సోంపేటలోని పర్యావరణ పరిరక్షణ సంఘము దీనిని ఎదిరించెను. కేంద్ర విద్యుత్ శాఖకు కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మ గారు ఆ తడినేలల పక్షమున ప్రభుత్వమునకు పదేపదే వ్రాసిరి. అనుమతిని రద్దు చేయవలెనని ఢిల్లీలోని జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ఎదుట అప్పీలు నడిచెను. 2010 జూలై 14న ఆ అథారిటీ అనుమతిని రద్దు చేసెను. అదే దినమున సోంపేటలో కర్మాగారపు పనులను అడ్డగించిన జనులమీద పోలీసులు కాల్పులు జరిపిరి. ప్రాణములు పోయినవి. ఒకే తేదీని ఢిల్లీలో నేల గెలిచెను, సోంపేటలో ఆ నేలమీది మనుష్యులు కూలిరి. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలపు కాకరాపల్లిలో, తంపర భూములలో కట్టుచున్న మరియొక విద్యుత్ కర్మాగారము విషయమైన పోరాటములోను కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయిరి.

ఈ సంగతులనుండి న్యాయవాది పని ఏమిటో తెలియుచున్నది. కాగితము ఒక మాట చెప్పుచున్నది, నేల మరియొక మాట చెప్పుచున్నది. నేలకు నోరు లేదు. అది కలెక్టరు కచేరీకి నడిచి రాలేదు. దాని మాటను సర్వే నంబర్లతో, అడంగలుతో, శిస్తు రసీదులతో, వానకాలములో తీసిన ఛాయాచిత్రములతో న్యాయస్థానములోనికి తెచ్చువాడు కావలెను. కాగితమును నేలయొద్దకు నడిపించి, "ఇప్పుడు చూచి వ్రాయుము" అనుట అతని పని. అబద్ధ సాక్ష్యము పలుకకూడదను ఆజ్ఞ మనుష్యునిగూర్చి మాత్రమేనని మనము అనుకొందుము. అయితే నీరున్న నేలను ఎండిన నేలయని వ్రాసినప్పుడు, ఆ నీటిమీద బ్రదుకు పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యము పలికినట్లే గదా?

ఒక్క మాటను సరిగా చదువుట కూడ ఈ పనిలో భాగమే. నాటి విశాఖపట్నం జిల్లాలో బొర్రా చుట్టుపట్ల గిరిజన గ్రామముల భూములలో గనులు త్రవ్వుటకు గిరిజనేతరులకు లీజులు ఇచ్చిరి. 1970లో సవరించిన భూబదలాయింపు చట్టము ప్రకారము ఏజెన్సీలో గిరిజనేతరుడైన వ్యక్తికి భూమి బదలాయింపకూడదు. ప్రభుత్వము తన భూమిని తానే ఇచ్చినయెడల ఆ చట్టము అడ్డమా అనునది వివాదము. సమత అను సంస్థ వేసిన వ్యాజ్యమును హైకోర్టు కొట్టివేసెను. సుప్రీంకోర్టు 1997 జూలై 11న, ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరి మాట ప్రకారము, ఆ చట్టములోని "వ్యక్తి" అను పదములో ప్రభుత్వము కూడ చేరునని, అట్టి లీజులు చెల్లవని తీర్పు చెప్పెను. ఒక్క పదమును ఓపికతో చదివిన ఫలితమిది.

ఇక కొంగల సంగతి. టెక్కలి మండలపు తేలినీలాపురములో గూడబాతులును ఎర్రకాళ్ల కొంగలును ఊరి చెట్లమీద గూళ్లు కట్టుకొనును. ఆ ఊరివారు వాటిని బాధింపరు, ఇతరులను బాధింపనియ్యరు. అక్కడ వకీలు అవసరము లేదు. ఊరివారి మనస్సే చట్టము. కాని ఆ పక్షులు మేత కొరకు నౌపడ తంపరకు పోవును. తేలినీలాపురము వారి దయ తమ పొలిమేర వరకే పనిచేయును. గూడు ఒక ఊరిలోను, కూడు మరియొక ఊరిలోను ఉన్నప్పుడు, ఆ రెండు ఊళ్లను కలిపి మాటలాడగలది చట్టమే. ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయములో, ముట్టడివేసిన పట్టణపు ఫలవృక్షములను సహితము నరుకకూడదని ఆజ్ఞ కలదు. చెట్టు యుద్ధము చేయలేదు, పారిపోలేదు. తప్పించుకొనలేనివానిని కాచుట ధర్మము.

అయితే రెండవ ప్రశ్న మిగిలియున్నది. మంచి వ్యాజ్యములో కొంచెము కలిపి చెప్పవచ్చునా? పది పక్షులను వంద అనవచ్చునా? ఎప్పుడో ఒకసారి పండిన చేనును ఏటా మూడు పంటల చేను అనవచ్చునా? కంపెనీ కాగితము అబద్ధమాడినప్పుడు మన అఫిడవిట్టు మాత్రము ఎందుకు నిజము చెప్పవలెనని మంచివారును అడుగుదురు. నా జవాబు ఇది. ఆ నేలకున్న ఒకే ఒక బలము, దానిగూర్చి చెప్పినది నిజమగుటయే. దానికి ధనము లేదు, ఓటు లేదు, పలుకుబడి లేదు. మనము ఒక్క అబద్ధము కలిపినయెడల ఆ ఒక్క బలమును మన చేతులతోనే తీసివేసినవారమగుదుము. పది పక్షులున్నచో పది అనియే వ్రాయవలెను. పదింటికి న్యాయము దొరకదని భయపడి వందయనువాడు, న్యాయాధిపతిని మోసగించుటకు ముందు ఆ పదింటిని తృణీకరించినవాడు.

మరియొక కష్టము కలదు. నేల పక్షమున నిలుచువాడు ఎల్లప్పుడు మన పక్షమున నిలువడు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు జగన్నాథ్ వ్యాజ్యములో, సముద్రతీర నియంత్రణ ప్రాంతములో రొయ్యల చెరువులను తొలగింపవలెనని తీర్పు ఇచ్చెను. 2005లో పార్లమెంటు చేసిన చట్టము వాటిలో అనేకమునకు నమోదు పద్ధతిమీద దారి ఇచ్చెను. ఆ చెరువులన్నియు దూరపు ధనికులవి కావు. కొన్ని మన బంధువులవి. బీలను కంపెనీ పూడ్చినప్పుడు కన్నీరు కార్చి, తన గట్టును ప్రతి ఏడును ఒక్క మూర తంపరలోనికి జరుపువాడు ఏ ముఖముతో సాక్షిగా నిలువగలడు? పొరుగువాని గట్టురాయి జరుపకూడదను ఆజ్ఞ, గట్టు అవతల మనుష్యుడు లేనప్పుడును చెల్లును. ఈ వృత్తికి పోవు యువకుడు తన ఊరివారికే "కాదు" అని చెప్పవలసిన దినము వచ్చునని ముందుగానే ఎరుగవలెను.

"మన పిల్లలు పని కొరకు చెన్నైకి, హైదరాబాదుకు పోవుచుండగా కర్మాగారములను ఆపుట న్యాయమా?" అని అడుగువారు కలరు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. కూలి కొరకు రైలెక్కు కొడుకును చూచి ఏడ్చు తల్లికి బీలలోని పక్షులు ఓదార్పు కావు. విద్యుత్తు అవసరము, విద్యుత్ శాఖలో పనిచేసిన పెద్దమనిషికి ఆ సంగతి మనకంటె బాగుగా తెలియును. ఆయనయే ఆ చోటు తగదని చెప్పెను. కర్మాగారము కావలెనా వద్దా అని నిర్ణయించుట న్యాయవాది పని కాదు. నిర్ణయించువారి ఎదుట ఉన్నదున్నట్లుగా పెట్టుట అతని పని. ఇంత నీరు పోవును, ఇంతమందికి పని దొరకును, ఇంతమంది పని పోవును అని రెండు వైపుల లెక్కయు నిజముగా ఎదుట నుండినప్పుడు, ప్రజలు కష్టమైన నిర్ణయమునైనను తలయెత్తి చేయగలరు. అబద్ధపు లెక్కమీద ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదు.

ఈ పని ఎప్పుడు చేయవలెను? సోంపేట చెప్పు పాఠము ఇదియే: పోలీసులు రాకముందే. 2006 సెప్టెంబరు 14నాటి ప్రకటన ప్రకారము పెద్ద పథకములలో అనేకమునకు ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలెను. దానికి కనీసము 30 దినములు ముందు నోటీసు ఇయ్యవలెను. నివేదిక సారాంశము స్థానిక భాషలోను ఉండవలెను. ఆ సభలో పలికిన మాటను రికార్డు చేయుదురు. తరువాత న్యాయవాది చేతికి అదియే ఆయుధమగును. 2010 అక్టోబరు 18నుండి పాత అథారిటీ స్థానములో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉన్నది. మన రాష్ట్రపు వ్యాజ్యములు చెన్నై బెంచికి పోవును. అనుమతిమీద అప్పీలు 30 దినములలో వేయవలెను. తగిన కారణము చూపినచో మరి 60 దినముల వరకు గడువు పొడిగింపవచ్చును. ఆ పిమ్మట ఎంత నిజమైనను ఆ తలుపు మూయబడును. 1987నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి వారి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము కలదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును.

సంఘములో చదువు వచ్చినవారు పంచాయతీ కచేరీ గోడమీద అంటించిన నోటీసును చదివి ఇతరులకు వినిపింపవలెను. వేలిముద్ర వేయు ప్రతివాడును వేయకముందు దానిని చదివించుకొనవలెను. చూడని దానికి సాక్షి సంతకము పెట్టమని బంధువే అడిగినను నిరాకరింపవలెను. యెజ్రెయేలు పెద్దలు చెడ్డవారు గనుక నాబోతు చనిపోయెనని మనము చెప్పుకొందుము. వారు బహుశః మనవంటివారే. వచ్చిన కాగితము ప్రకారము చేసినవారు.

కావున లా చదువ గోరు కుమారుని, కుమార్తెను ఆపవద్దు. పంపుడి, జేనాను పంపినట్లు కొరత లేకుండ పంపుడి. పంపునప్పుడు ఒక్క మాట చెప్పుడి: నీ కక్షిదారునికి నోరు లేదు గనుక, నీవు పలుకు ప్రతి మాటయు దాని మాటగా ఎంచబడును, అది చెప్పని మాటను దాని నోట పెట్టకుము.