భాగాలన్నీ మారినా బండి అదేనా?

ఒక వాహనంలోని భాగాలు ఒక్కొక్కటిగా అరిగి, విరిగి, తుప్పుపట్టి, వాటి స్థానంలో కొత్తవి చేరుతూ పోతే, చివరికి మిగిలేది మొదటి వాహనమేనా, లేక దాని పేరు మోస్తున్న మరొకటా అన్న ప్రశ్న పైకి మెకానిక్ షెడ్డుకు సంబంధించినదిగా కనిపించినా, నిజానికి అది భారతీయ దర్శనాలు దాదాపు రెండు వేల ఏళ్లుగా వాదించుకుంటున్న ప్రశ్న. మారుతూనే ఒక వస్తువు అదే వస్తువుగా ఎలా నిలుస్తుంది, నిలిచిందని ఏ ఆధారంతో చెప్పగలం, అలా చెప్పినవారి మీద ఏ బాధ్యత పడుతుంది అన్న మూడు విషయాలు అందులో ఇమిడి ఉన్నాయి. ఐరోపాలో ఈ ప్రశ్న తరచుగా పాత స్పోర్ట్స్ కార్ల విషయంలో, అంటే వేగం కోసం, పందేల కోసం తయారై ఇప్పుడు అపురూపమైపోయిన కార్ల విషయంలో తలెత్తుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉన్న ముంచింగిపుట్టు వంటి కొండ మండలాల్లో అదే ప్రశ్న పాత జీపు దగ్గర ఎదురవుతుంది. ఒకదాన్ని ముచ్చట కొద్దీ, మరొకదాన్ని బతుకుతెరువు కోసం కాపాడుకుంటారు గాని, రెండింటికీ చేయవలసిన సేవలో పెద్ద తేడా లేదు.

ఆ సేవ ఎలాంటిదో ముందుగా చూడడం అవసరం. పాత పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వను సమయానికి పుట్టించే డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లు అనే రెండు చిన్న లోహపు ముక్కలు ఉంటాయి. అవి తెరుచుకున్నప్పుడు వాటి మధ్య ఉండవలసిన ఎడం చాలా కార్లలో సుమారు 0.4 మిల్లీమీటర్లు మాత్రమే కాబట్టి, వాటి ముఖాలు కాలి గుంటలు పడినకొద్దీ మెకానిక్ వాటిని రాసి నునుపుచేసి, ఫీలర్ గేజ్ అనే పలుచని రేకును మధ్యలో పెట్టి, ఆ రేకు బిగియకుండా, వదులు కాకుండా జారేటట్టు మళ్లీ సరిచేయవలసి వస్తుంది. ఇంతకంటే ప్రాణాంతకమైనది బ్రేకు నూనె: అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరినకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది, పాడేరు ఘాట్ వంటి దిగుడులో మాటిమాటికీ బ్రేకు తొక్కినప్పుడు చక్రాల దగ్గర పుట్టిన వేడికి గొట్టాల్లో ఆవిరి ఏర్పడి పెడలు నేలకు తగిలినా బండి ఆగదు. చూడడానికి నూనె నూనెలాగే ఉంటుంది, సీసాలో మట్టమూ తగ్గదు, కానీ దాని గుణం పోయి ఉంటుంది. దసరా నాడు నిమ్మకాయలు తొక్కించి కుంకుమ బొట్లు పెట్టిన బండికైనా ఈ విషయంలో మినహాయింపు లేదు. రూపం మారకుండానే వస్తువు మారిపోగలదన్న ఈ సంగతి మెకానిక్‌కు నిత్యానుభవం, తత్త్వవేత్తకు సిద్ధాంతం.

ఆ సిద్ధాంతాన్ని బౌద్ధులు క్షణికవాదం అన్నారు. ప్రతి వస్తువూ క్షణక్షణమూ నశించి, తనను పోలిన మరొకదానికి చోటిస్తుందని, స్థిరంగా కనిపించేది ఆ వరుస మాత్రమేనని దాని సారాంశం. పాళీ గ్రంథమైన మిలిందపన్హలో నాగసేనుడు అనే భిక్షువు, క్రీస్తుపూర్వం రెండో శతాబ్దపు యవన రాజు మిలిందుడికి, అంటే గ్రీకులు మెనాండర్ అన్న రాజుకు, ఈ విషయాన్ని అతడు ఎక్కివచ్చిన రథం సాయంతోనే వివరిస్తాడు: ఇరుసు రథం కాదు, చక్రాలు రథం కావు, నొగ రథం కాదు, వీటన్నింటికీ వెలుపల రథమనే వేరే పదార్థమూ లేదు, కాబట్టి ఈ భాగాల కూర్పును ఆధారం చేసుకుని మనం పెట్టుకున్న వ్యవహారమే రథం. రాత్రంతా వెలిగిన దీపపు జ్వాల మొదటి జాములోనూ చివరి జాములోనూ ఒకటే కాదు, అలాగని వేరూ కాదని కూడా ఆ గ్రంథం చెబుతుంది. ఈ లెక్కన పాత బండి యజమాని తన బండి అదేనని చెప్పడం పొరపాటు కాదు, కాకపోతే ఆ మాట వ్యవహారంలో చెల్లుతుంది, పరమార్థంలో కాదు.

న్యాయ, వైశేషిక దర్శనాలు దీనికి ఎదురు నిలిచాయి. భాగాలను అవయవాలు అని, వాటితో ఏర్పడి, వాటికి భిన్నంగా, స్వంత ఉనికి కలిగిన మొత్తాన్ని అవయవి అని అవి వ్యవహరించాయి. గుర్రాలు లాగేది ఇరుసునో చక్రాన్నో కాదు, రథాన్నే కనుక అది కేవలం పేరు కాజాలదని వాటి వాదం. అయితే అవయవం మారినప్పుడు అవయవి గతి ఏమిటన్న చిక్కును ఆ దార్శనికులే లేవనెత్తుకున్నారు. పచ్చి కుండను ఆవంలో కాల్చినప్పుడు నల్లనిది ఎర్రబడుతుంది గదా, ఆ మార్పు ఎక్కడ జరిగిందన్న విషయంలో వైశేషికులు పీలుపాకవాదాన్ని, అంటే కుండ పరమాణువులుగా విడిపోయి, ఆ పరమాణువులు రంగు మారి, మళ్లీ కలిసి కొత్త కుండ పుడుతుందన్న వాదాన్ని చెప్పగా, నైయాయికులు పిఠరపాకవాదాన్ని, అంటే కుండ కుండగానే ఉండి దాని రంగు మాత్రమే మారుతుందన్న వాదాన్ని పట్టుకున్నారు. నైయాయికుల ప్రధాన ఆధారం ప్రత్యభిజ్ఞ, అంటే ఇంతకుముందు చూసినదే ఇదని గుర్తుపట్టడం. బౌద్ధులు దానికి బదులుగా, కత్తిరించాక మళ్లీ పెరిగిన గోళ్లను, వెంట్రుకలను కూడా అవే అంటాం కదా, పోలికను చూసి ఒకటేనని భ్రమపడుతున్నాం అంతే అన్నారు.

ఈ వాదంలో శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో చూపిన వివేచన ప్రస్తుత విషయానికి అన్నింటికంటే దగ్గరగా వస్తుంది. బయటి వస్తువు విషయంలో ఇది అదేనా, దాన్ని పోలిన మరొకటా అన్న సందేహం ఒకప్పుడు కలిగితే కలగవచ్చునని, నిన్న చూసినవాడినీ నేడు తలుచుకుంటున్నవాడినీ నేనేనా అన్న సందేహం మాత్రం ఎవరికీ కలగదని ఆయన చూపించారు. అంటే ఏకత్వానికి అసలు నిలయం తెలుసుకునేవాడిలో ఉంది; వస్తువుకు తన గతం తెలియదు కాబట్టి దాని తరఫున ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవలసి ఉంటుంది. వాహనం విషయంలో ఈ ఫలితం చాలా దూరం పోతుంది, ఎందుకంటే వాహనాలు చేతులు మారతాయి, గుర్తుపెట్టుకున్న మనుషులు మారిపోతారు, అప్పుడు ఆ జ్ఞాపకాన్ని మోసేది రాత మాత్రమే.

రాత ఎంత పని చేస్తుందో 1990లో లండన్ హైకోర్టుకు వచ్చిన ఒక వ్యాజ్యం చెబుతుంది. ఓల్డ్ నంబర్ వన్ అని పేరుపడిన బెంట్లీ స్పీడ్ సిక్స్ కారు 1929, 1930 సంవత్సరాల్లో ఫ్రాన్సులోని ల మాన్ పందెం గెలిచింది. తర్వాత దాని ఇంజను, చట్రం, పైభాగం వేర్వేరు దశల్లో మారాయి, 1932లో బ్రూక్‌లాండ్స్ పందెంలో ప్రమాదం జరిగి క్లైవ్ డన్‌ఫీ దాన్ని నడుపుతూనే మరణించాడు, ఆ పైన అది మళ్లీ కొత్త రూపం ఎత్తింది. దాన్ని కొంటామని ఒప్పుకున్న సంస్థ, పందెం గెలిచిన కారులోని భాగాలు ఇందులో దాదాపు ఏవీ లేవు కనుక ఇది ఆ కారు కాదని వెనక్కి తగ్గింది. న్యాయమూర్తి ఆ భాగాలు లేవన్న సంగతిని ఒప్పుకుంటూనే, ఏ దశలోనూ ఆ కారు అంతరించిపోలేదని, ఒక మార్పు నుంచి మరో మార్పుకు దాని చరిత్ర తెగకుండా వచ్చిందని, అందువల్ల ఆ పేరు దీనికే చెల్లుతుందని తీర్పు ఇచ్చారు. ఆ చరిత్ర రుజువులతో సహా కోర్టు ముందుకు రాకపోయి ఉంటే అదే ఇనుము మరో పాత కారు మాత్రమే అయ్యేది.

భారతదేశంలో 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ మరో దారి పట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, సొంత వాడకానికే పరిమితమై, చట్రంలో గాని, పైతొడుగులో గాని, ఇంజనులో గాని పెద్ద మార్పులు లేకుండా మొదటి రూపంలోనే ఉన్న రెండు, నాలుగు చక్రాల వాహనాలను అది వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తుంది. ఇది ద్రవ్యాన్ని చూసి ఏకత్వాన్ని నిర్ణయించే పద్ధతి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ వంటి, 1912 నాటిదై కూడా ఎక్కువ తిరగని కారుకు అది సరిపోతుంది గాని, పెదబయలు మీదుగా ముంచింగిపుట్టు దాకా మనుషులను, మూటలను మోసి, కమాను కట్టలు విరిగి, ఇంజను రీబోరై, రేకుకు లప్పం మీద లప్పం పడిన జీపుకు సరిపోదు. తిరగని వాహనమే తన ద్రవ్యాన్ని కాపాడుకోగలదు. పనిచేసిన వాహనానికి మిగిలేది తెగని చరిత్ర ఒక్కటే. ముంచింగిపుట్టు పరిసరాల్లోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఇందుకు పెద్ద ఎత్తున ఉదాహరణ: జోలాపుట్టు జలాశయం నీటితో 1955లో ఉత్పత్తి మొదలుపెట్టి, ఆరు యూనిట్లతో ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రాల ఉమ్మడి ఆస్తిగా కొనసాగుతున్న ఆ కేంద్రాన్ని, మరమ్మతుల తర్వాత కొత్త కేంద్రమని ఎవరూ అనరు.

చరిత్ర తెగకుండా మరమ్మతు చేయడమెలాగో ఆలయ సంప్రదాయం ఒక క్రమంగా ఏర్పరచుకుంది. శిథిలమైనదాన్ని బాగుచేయడాన్ని ఆగమాలు జీర్ణోద్ధరణ అన్నాయి. గర్భాలయంలో పని జరిగేటప్పుడు మూలమూర్తిలోని దైవశక్తిని కళాకర్షణ అనే క్రియతో కలశంలోకి ఆవాహన చేసి, బాలాలయం అనే తాత్కాలిక ఆలయంలో నిత్యపూజ ఆగకుండా సాగించి, పని పూర్తయ్యాక సంప్రోక్షణతో తిరిగి మూలమూర్తిలోకి చేరుస్తారు. తిరుమలలో పన్నెండేళ్లకు ఒకసారి జరిగే ఈ కార్యక్రమం 2018 ఆగస్టులో జరిగినప్పుడు, మూలమూర్తిని పీఠానికి పట్టి ఉంచే అష్టబంధనం అనే ఎనిమిది ద్రవ్యాల లేపనం కూడా అందులో భాగమైంది. గమనించవలసింది ఏమిటంటే, సాక్షాత్తు దేవుడి సన్నిధిలోనూ జీర్ణమైనదాన్ని దాచిపెట్టరు, ముహూర్తం పెట్టి, లోకానికి చాటి మరీ బాగుచేస్తారు. మరమ్మతు వల్ల సన్నిధికి లోటు రాదు, పూజ తెగితేనే వస్తుంది.

అనిత్యమైన వస్తువు మీద ఇంత శ్రద్ధ మోహం కాదా అన్న ఆక్షేపణకు సమాధానం కూడా ఇక్కడే ఉంది. మార్చిన ఇంజనును మార్చలేదని చెప్పి, తుప్పు తిన్న రేకును లప్పంతో కప్పి, రంగు వేసి కొత్తదిగా చూపించేవాడిది మోహం, ఎందుకంటే అతడు అనిత్యతను ఒప్పుకోవడం లేదు. ఏ భాగం ఎప్పుడు అరిగింది, దాని బదులు ఏది వచ్చింది అన్నది దాచకుండా రాసుకునేవాడు అనిత్యతను అంగీకరించి, దాని మధ్యనే తన కర్తవ్యం చేస్తున్నాడు. బండి అదేనా అన్న ప్రశ్నకు ద్రవ్యంలో జవాబు దొరకదు. తెగని శ్రద్ధ, దాచని లెక్క ఉన్నంతవరకే అది అదే బండి. కాబట్టి పాత వాహనం ఉన్న ప్రతివారూ, అది షెడ్డులో మెరిసే స్పోర్ట్స్ కారైనా, ఘాట్ రోడ్డు ఎక్కే జీపైనా, మార్చిన ప్రతి భాగాన్నీ తేదీతో సహా ఒక పుస్తకంలో రాసుకోవాలి, ఆ రాతను బ్రేకు నూనెతోనే మొదలుపెట్టాలి, బండి అమ్మిననాడు తాళంచెవితో పాటు ఆ పుస్తకాన్నీ కొన్నవారి చేతిలో పెట్టాలి.