కరుగుట, శుద్ధియగుట

పాఠ్యభాగములు : యిర్మీయా 6:27–30, యెహోషువ 7వ అధ్యాయము



ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున దుర్గ్ జిల్లాలో భిలాయి అను ఉక్కునగరము కలదు. సోవియట్ దేశపు సహకారముతో కట్టబడిన అచ్చటి కర్మాగారములో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించిరి. బ్రదుకు తెరువు కొరకు వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. వారి ఉజ్జీవ కూటములలో వాక్యము చెప్పుటకు నేనొకసారి వెళ్లితిని. మొదటి రాత్రి ప్రసంగము ముగియుసరికి చాలమంది కన్నీరు విడిచిరి. నేను తృప్తితో బసకు మరలుచుండగా, కొలిమియొద్ద ముప్పది ఏండ్లు పనిచేసి విశ్రాంతి పొందిన సంఘపెద్ద ఒకరు నా ప్రక్కన నడచుచు, "అయ్యగారూ, ఈ రాత్రి అందరూ కరిగారండి. మరి చిట్టెం తీసిందెవరండి?" అనిరి. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

మన బైబిలులో మష్టు అని తర్జుమా చేయబడిన దానినే ఇనుము విషయములో కమ్మరులు చిట్టెమందురు. కర్మాగారములో స్లాగ్ అందురు. మరునాడు ఆ పెద్ద తాను చేసిన పనిని నాకు వివరించిరి.

పదార్థము ఘన, ద్రవ, వాయు స్థితులలో నుండునని మనము బడిలోనే నేర్చితిమి. ఘనపదార్థము తన ఆకారమును విడువదు. ద్రవము ఏ పాత్రలో పోసిన ఆ పాత్ర రూపమును ధరించును. వాయువు ఉన్న చోటంతయు నిండును. వేడిమి పెరిగిన కొలది ఒకటి మరియొకటిగా మారును. అయితే స్థితి మారినంత మాత్రమున స్వభావము మారదు. మంచు కరిగినను నీరే, ఆవిరియైనను నీరే. చల్లార్చినయెడల మరల మంచే.

దల్లీ-రాజహరా గనులనుండి వచ్చు ఇనుపరాయిలో ఇనుము ప్రాణవాయువుతో పెనవేసికొనియుండును. ఆ రాతిని, బొగ్గును కాల్చి చేసిన కోకును, సున్నపురాయిని కొలిమి పైనుండి పోయుదురు. క్రిందనుండి మిక్కిలి వేడిగాలిని ఊదుదురు. కోకు మండగా పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ వాయువు పైకి ప్రాకుచు రాతిలోని ప్రాణవాయువును పట్టుకొని పోవును. రాయి ఇంకను కరుగకముందే ఈ తీసివేత చాలవరకు జరిగిపోవును. అనగా రాతిని ఇనుముగా చేయునది కరుగుట కాదు, తీసివేయుట! పిమ్మట ఇనుము కరిగి అడుగునకు దిగును. స్వచ్ఛమైన ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ వద్ద గాని కరుగదు. కొలిమిలో నూటికి నాలుగు వంతుల కర్బనము దానితో కలియుటచేత అంతకంటె చాల తక్కువ వేడికే కరుగును. సున్నము రాతిలోని ఇసుకను, మట్టిని తనతో కలుపుకొని చిట్టెమై, తేలికగుటచేత ఇనుముపై తేలును. కరిగినందువలననే అవి రెండును వేరుపడగలిగినవి. కాని వేరుపడిన దానిని వేరు కాలువలోనికి మళ్లింపవలెను. అట్లు చేయక చల్లారనిచ్చినయెడల రెండును ఒక్క దిమ్మగా గడ్డకట్టును.

యిర్మీయా చూచిన దుఃఖము ఇదియే. తిత్తి బుసకొట్టుచున్నది. సీసము అగ్నికి ఆహుతియైనది. వెండిని శుద్ధిచేయు ఆనాటి పద్ధతిలో, గాలి తగిలి మండిన సీసము హీనలోహములను తనతో తీసికొని పోవలెను. ఇక్కడ సీసము వ్యయమైనది గాని కల్మషము కదలలేదు. కంసాలి ప్రయాస వ్యర్థమైనది. నిప్పు లేదని గాని, వెండి కరుగలేదని గాని ప్రవక్త అనలేదు.

హెబ్రీ భాషలో ఈ రెండింటికి రెండు క్రియలున్నవి. "మాసస్" అనగా కరుగుట, "సారఫ్" అనగా కరిగించి శుద్ధిచేయుట. తర్జుమా పనిలో ఈ భేదము నాకు పలుమారులు కనబడినను, భిలాయికి పోవువరకు దాని బరువు తెలియలేదు. ఇశ్రాయేలీయుల భయముచేత యెరికో నివాసుల గుండెలు కరిగినప్పుడు రాహాబు పలికినది మొదటి క్రియయే. హాయి యెదుట ముప్పది ఆరుగురు కూలినప్పుడు ఇశ్రాయేలీయుల గుండెలు కరిగి నీరైనవని వ్రాయబడిన చోటను అదే క్రియ. యెహోషువ బట్టలు చింపుకొని సాయంకాలమువరకు నేలపై సాగిలపడెను. దేవుడు అతని కన్నీటిని మెచ్చుకొనలేదు సుమా! లేచి నిలువుమనియు, శపితమైన దానిని మీ మధ్యనుండి తీసివేయుమనియు సెలవిచ్చెను. జనమంతయు కరిగి నీరైన ఆ వేళ కూడ షీనారు వస్త్రమును, వెండియు, బంగారు కమ్మియు ఆకాను డేరా క్రింద మట్టిలో చెక్కుచెదరక యుండెను.

ఆ పెద్ద మరియొక సంగతి చెప్పిరి. భిలాయి రైలు పట్టాలకు పేరుపొందిన స్థలము. కరిగిన ఉక్కు హైడ్రోజన్ వాయువును సులభముగా పీల్చుకొనును. తడి తగిలిన సున్నమైనను అందుకు చాలును. ఘనస్థితిలో ఉక్కు దానిని అంతగా ఇముడ్చుకొనలేదు. బయటపడలేని వాయువు లోపల వెండ్రుకవంటి పగుళ్లను కలిగించును. పది లక్షల పాళ్లలో కొద్ది పాళ్లున్నను అపాయమే. పైకి పట్టా నున్నగానే యుండును. దినములు గడచి, బండ్ల బరువు పడగా అది విరుగవచ్చును. కనుక ఉక్కు ద్రవముగా నుండగానే గాలి తీసివేసిన పాత్రలోనికి దానిని లాగి, ఆ వాయువును వెడలగొట్టుదురు. కరిగిన హృదయము కూడ దగ్గరనున్న దానిని ఇట్లే పీల్చుకొనును. ఎంతగా ఏడ్చితినో అను అతిశయము అట్టివాటిలో ఒకటి. ఏడ్పించితినను బోధకుని అతిశయము మరియొకటి. మొదటి రాత్రి నా తృప్తి ఏపాటిదో అప్పుడు నాకు తెలిసినది.

"ఇదంతా మీకెట్లు తోచినది?" అని అడిగితిని. ఆయన కొంతసేపు మౌనముగా నుండి ఇట్లనిరి: "మా నాన్న పోయాక తమ్ముడి వాటా పొలం కూడా నా పేరునే రాయించుకున్నానండి. ఇరవై ఏళ్లు ప్రతి కూటాల్లోనూ ఏడ్చాను. ఏడ్చి వచ్చి శిస్తు రసీదులు పెట్టెలో దాచుకునేవాణ్ని. ఒక ఏడు కూటాలు మానుకుని, సెలవు పెట్టి ఊరెళ్లి, రిజిస్ట్రారు ఆఫీసులో వాడి పొలం వాడికి రాసిచ్చాను. ఆ ఏడు నాకు కన్నీళ్లు రాలేదండి. మా తమ్ముడే ఏడ్చాడు."

ఆ రాత్రి నేను సిద్ధపరచుకొనిన ప్రసంగమును ప్రక్కన పెట్టి, యెహోషువ 7వ అధ్యాయమును చదివితిని. ఎవరిని ముందునకు రమ్మని పిలువలేదు. అచ్చియున్న దానిని అప్పగించుటకు ఇండ్లకు వెళ్లుడని చెప్పి, కూటమును పెందలకడనే ముగించితిని.